గోపురం మీద కడ్డీ ఉంది సరే, కింద గుంట ఏది? మా మండలం పెద్దలకి ఒక బహిరంగ లేఖ

సర్పంచ్ గార్లకి, గుడి కమిటీల పెద్దలకి, బడుల్లో హెడ్మాస్టర్ సార్లకి, మేడమ్‌లకి నమస్కారం.

నేను మీలో సగం మందికి తెలిసినోణ్ణే. ప్రకాశం జిల్లా పడమటి వైపు ఈ రాళ్ళ నేలలో ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళకి, బోరు మోటార్లకి, మిల్లులకి వైరింగూ ఎర్తింగూ చేసుకుంటా బతుకుతున్నా. ఇప్పుడు పిడుగుల గురించి, పిడుగుని నేలలోకి దించే ఎర్త్ గుంటల గురించి రాసేది మీకు నోటితో ఇప్పటికే మూడుసార్లు చెప్పా, ఒకసారి పెళ్ళి భోజనాల దగ్గర, ఒకసారి గ్రామసభలో, ఇంకోసారి రచ్చబండ మీద. అందరూ "చూద్దాంలే" అన్నారు. మంచోళ్ళే, ఎవరూ కాదనలేదు, అట్టాగని ఎవరూ చూడనూ లేదు. అందుకే కాయితం మీద పెట్టి అందరికీ ఒకేసారి పంపుతున్నా, రేపు నాకు తెలీదు అనే మాట రాకూడదని.

మొన్న మే నెలలో ఒక ఊళ్ళో గుడి మీద పిడుగు పడింది. ఊరి పేరు రాయను, వాళ్ళకి తెలుసు. సాయంత్రం నాలుగున్నర, ఇంకా వాన చుక్క కూడా పళ్ళేదు, గాలి లేచి దుమ్ము కొడతా ఉంది, అంతలోనే ఒక్కటే శబ్దం. గోపురం మీద పిడుగు కడ్డీ ఉంది, అదీ మామూలు కడ్డీ కాదండీ, స్టీలు చెంబు బోర్లించినట్టు తళతళా మెరిసే డోము, రెండేళ్ళ కింద చందాలు పోగేసి పెట్టించారు. అది ఉండగానే మైకుసెట్టు యాంప్లిఫైయరు కాలిపోయింది, సీసీ కెమెరాలు నాలుగూ పోయినయ్, పక్కనే వాటర్ ప్లాంటు బోర్డు మాడిపోయింది, మండపం మూల స్తంభం నుంచి అరచేయంత ప్లాస్టరింగు పెచ్చు లేచి పదడుగుల అవతల పడింది. పూజారి గారు అప్పుడే ఇనప గ్రిల్లు తలుపు మూస్తన్నారంట, మోచేతి దాకా ఝుమ్మని లాగేసి చెయ్యి రెండు గంటలు మొద్దుబారి ఉండిపోయింది. అంతటితో పోయింది, దేవుడి దయ. మర్నాడు పొద్దున కమిటీవాళ్ళు నన్ను పిలిచి అడిగింది ఒకటే, "అంత డబ్బు పోసి కడ్డీ పెట్టించాం గదా, మరి ఇదేంది?"

నేను నిచ్చెన అడగలేదు. వచ్చినోళ్ళందరూ మెడలెత్తి పైకే చూస్తన్నారు, నేను కింద నుంచి మొదలుపెట్టా. డోము దగ్గర్నుంచి రాగి పట్టీ గోపురం వెనక గోడ మీదుగా చక్కగానే దిగింది, తిరణాలకి రంగులేసినోళ్ళు దాని మీద కూడా పసుపు రంగు కొట్టేశారు, దాంతో నష్టమేం లేదు. నేల ఇంకా నాలుగడుగులు ఉందనగా రాగి ఆగిపోయింది. ఎవడో కోసుకుపోయాడు, ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు. దాని చోట ఎవరో పుణ్యాత్ముడు సెంట్రింగ్ వాళ్ళ బైండింగ్ వైరు రెండు పేటలు మెలేసి కట్టాడంట, పూజారి గారు చెప్పారు. నేను చూసేసరికి ఆ వైరు కూడా లేదు. ఆవిరైపోయింది. గోడ మీద అది ఉన్నంత మేర సన్నటి నల్ల చార ఉంది, వేలు పెడితే మసి అంటింది. కిందకి దారి తెగిపోయిన పిడుగు, పక్కనున్న గ్రిల్లులోకి, ఆ గోడలో పోతున్న మైకు వైర్లలోకి దూకింది, ఇంకేం చేస్తది.

ఇక గుంట. ఎర్త్ గుంట ఎక్కడుందని అడిగితే ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి తేలిందేందంటే పోయినేడు ప్రాకారం లోపల అందంగా ఉంటుందని చీమకుర్తి గ్రానైటు పరిచారు, గుంట దాని కింద ఉండిపోయింది. దాంట్లోంచి వచ్చిన జీఐ (జింకు పూత ఇనుము) పట్టీ మొండెం మాత్రం గోడ పక్కన బెత్తెడు బయటికి కనపడతా ఉంది. దానికి మెగ్గర్, అంటే ఎర్తు కొలిచే మిషను, క్లిప్పు తగిలించి, పది మీటర్ల దూరంలో ఒక మేకు, ఇరవై మీటర్ల దూరంలో ఇంకో మేకు కొట్టి, మేకుల చుట్టూ చెంబుడు నీళ్ళు పోసి చూశా. 180 ఓమ్‌లు. కరెంటు నేలలోకి పోవడానికి ఉన్న అడ్డు అది, పది లోపు ఉండాలి. నమ్మలేక మేకులు ఇంకో వైపుకి మార్చి మళ్ళీ చూశా, ఐదో ఆరో తేడా, అంతే.

ఈ 180కి అర్థం ఏందో చెప్తా, బళ్ళో తొమ్మిది పది తరగతుల పిల్లలకి వచ్చే లెక్కే ఇది, ఓమ్ నియమం. మామూలు సైజు పిడుగులో 30 వేల ఆంపియర్ల కరెంటు ఉంటుంది, పెద్దవైతే రెండు లక్షల దాకా పోతుంది. మీ ఇంట్లో ఏసీ లాగేది ఏడెనిమిది ఆంపియర్లు. ఆ 30 వేలని పది ఓమ్‌ల గుంటలోకి పంపితే గుంట దగ్గర మూడు లక్షల వోల్టులు లేస్తయ్. 180 ఓమ్‌ల గుంటలోకి పంపితే 54 లక్షలు. మన రాష్ట్రంలో కర్నూలు వైపు పోయే పెద్ద టవర్ల లైను ఉంది చూశారా, అదే 765 కేవీ, అంటే ఏడు లక్షల అరవై ఐదు వేలు. దానికి ఏడింతలు మన గుడి గోడలో. ఇంజనీర్లు ఇది ఇంత సింపుల్ కాదు బాబూ అంటారు, అంత కరెంటుకి మట్టిలోనే నిప్పురవ్వలు పుట్టి కొంత తగ్గుద్ది, పైగా ఇదంతా సెకనులో లక్షల వంతులో అయిపోద్ది అంటారు, అదీ నిజమే. కానీ ఆ కొద్ది క్షణంలో ఆ వోల్టేజీ పక్కన ఏది తక్కువ వోల్టేజీలో ఉంటే దాని మీదకి దూకుద్ది, మైకు వైరా, కుళాయి పైపా, గోడకి ఆనుకొని కూర్చున్న మనిషా అని చూడదు. ఆ ప్లాస్టరింగు పెచ్చు కూడా అంతే, గోడలో ఉన్న చెమ్మ ఒక్కసారి ఆవిరై పేలింది. పిడుగు పడిన చెట్టుకి బెరడు నిలువునా చీరుకుపోయేది కూడా ఇందుకే, లోపల రసం మరిగిపోయి. పిడుగు దారిలో వేడి ముప్పై వేల డిగ్రీల దాకా పోద్ది మరి, సూర్యుడి పైభాగం కంటే ఐదింతలు.

పిడుగు కడ్డీ అసలేం చేస్తుందో కూడా మనలో చాలామందికి తప్పుగా తెలుసు. మబ్బులో ఉన్న కరెంటుని మెల్లగా పీల్చేసి పిడుగు పడకుండా చేస్తదని అనుకుంటారు. 1750ల్లో దీన్ని కనిపెట్టిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా మొదట్లో అట్టాగే అనుకున్నాడు లెండి. జరిగేది వేరే. మబ్బులో మంచు పలుకులూ మెత్తటి వడగళ్ళూ ఒకదానికొకటి రాసుకొని మబ్బు అడుగున ఎక్కువగా నెగటివ్ చేరుతుంది, అది నేల వైపు తలా యాభై మీటర్ల అంగలు వేసుకుంటా దిగుద్ది, చిన్నప్పుడు పిల్లలు మెట్లు దిగినట్టు, ఎటు దిగాలో దానికే తెలియకుండా. నేల దగ్గరికి వచ్చాక కింద ఎత్తుగా ఉన్న వాటి నుంచి, చెట్టు కొస, గోపురం, కరెంటు స్తంభం, ఒట్టి చేలో నిలబడ్డ మనిషి తల, వీటి నుంచి పైకి సన్నటి పాయలు లేస్తయ్. ఏ పాయ ముందు అందుకుంటే దారి అదే. కడ్డీ చేసేదల్లా ఆ ఆఖరి కొన్ని పదుల మీటర్లలో "ఇటు రా" అని ముందు చెయ్యి చాచటం, వచ్చినదాన్ని నేలలోకి దించటం. దించే చోటు బాగాలేదు అనుకోండి, మనం పిడుగుని చేజేతులా ఇంట్లోకి పిలిచినట్టే. కింద గుంట సరిగా లేని కడ్డీ కంటే కడ్డీ లేకపోవడమే నయం అని నేను గ్రామసభలో అన్నది ఇందుకే, అప్పుడు నవ్వారు.

ఇంకో మాట, ఆ డోము అమ్మినాయన వంద మీటర్ల చుట్టూ ఊరికి ఊరే సేఫ్ అని చెప్పాడంట. ఆయన్నే ఇంకో గుడివాళ్ళు అడిగితే వాళ్ళ ఎత్తుకీ వంద మీటర్లే, కోళ్ళ ఫారం వాళ్ళకీ వంద మీటర్లే. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అని పెద్దోళ్ళు ఊరికే అనలేదు, ఇక్కడైతే అక్షరాలా పిడుక్కే. మన దేశంలో ఈ పనికి ప్రమాణం ఐఎస్/ఐఈసీ 62305. దాని ప్రకారం కడ్డీ లోపల ఏ మిషను ఉందని చెప్పినా లెక్కలోకి తీసుకునేది ఆ లోహం ఎంత ఎత్తులో ఉంది అన్నదే. లెక్క ఎట్టా అంటే ఒక పెద్ద బంతిని ఊహించుకోండి, 45 మీటర్ల వ్యాసార్థం ఉన్న బంతి, దాన్ని ఊరి మీద దొర్లించండి, బంతి ఏది తాకితే దాని మీద పిడుగు పడొచ్చు, బంతి దూరలేని సందులో ఉన్నది భద్రం. కట్టడం ఎంత ముఖ్యమైనదో చూసి ఆ బంతిని 20 మీటర్ల నుంచి 60 మీటర్ల దాకా మారుస్తారు. మన గోపురం నలభై అడుగులు, అంటే 12 మీటర్లు, 45 మీటర్ల బంతి వేసి కడితే నేల మట్టాన కాపుదల ముప్పై మీటర్లు వస్తుంది. పైకి పోయేకొద్దీ ఇంకా తగ్గుద్ది. వంద ఎక్కడా, ముప్పై ఎక్కడా. ఆ ముప్పై కూడా కట్టడం గురించి చెప్పేదే గానీ, ఆ ఆవరణలో చెప్పుల్లేకుండా నిలబడ్డ జనం గురించి కాదు.

మన నేలలో పది ఓమ్‌లు రావడం కష్టమని నాకూ తెలుసు. గోదావరి జిల్లాల్లో ఒక పైపు దింపితే వచ్చేది ఇక్కడ నాలుగు దింపినా రాదు, రెండున్నర అడుగులు తవ్వితే గుండు తగులుద్ది. కానీ దారులున్నయ్. లోతుకి పోలేనప్పుడు అడ్డంగా పోవాలి, కట్టడం చుట్టూ మూరెడు లోతున పట్టీ పాతుకుంటా పోయి రింగులాగా కలపాలి. గుంటలు రెండు మూడు వేసి వాటిని కలపాలి, పక్కపక్కనే వేస్తే లాభం లేదు, పైపు పొడవుకి రెండింతల ఎడం ఉండాలి, లేకపోతే ఒకదాని మట్టిలోనే ఇంకోటి కూర్చుంటుంది. ఉప్పూ బొగ్గూ పాత పద్ధతి, పని చేస్తుంది, కాకపోతే ఉప్పు జీఐ పైపుని కొన్నేళ్ళలో తినేస్తుంది, కుదిరితే బెంటోనైటు మట్టి పోయండి, అది తడి పట్టుకొని ఉంటుంది. పట్టీని పైనుంచి కిందకి సాధ్యమైనంత తిన్నగా దించాలి, సన్‌షేడ్ చుట్టూ మెలికలు తిప్పి దించితే పిడుగుకి అంత ఓపిక ఉండదు, మెలిక దగ్గరే వదిలేసి గోడలోకి పోద్ది. గ్రిల్లులు, నీళ్ళ పైపులు, కరెంటు మీటరు ఎర్తు, అన్నీ ఆ ఎర్తుతోనే కలిపి కట్టాలి, అన్నిటి వోల్టేజీ ఒకేసారి లేస్తే ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకే అవసరం ఉండదు. తీగ మీద కాకి చావదు చూడండి, అదే సూత్రం. కరెంటు, కేబుల్ లోపలికొచ్చే చోట, తీగల్లో ఒక్కసారిగా ఎగిసొచ్చే వోల్టేజీని ఎర్తుకి వదిలేసే సర్జ్ పెట్టె ఒకటి. నేల నుంచి పది అడుగుల దాకా రాగి బదులు జీఐ పట్టీ దించండి, పైపు తొడగండి, దొంగతనం బాధ ఉండదు. ఎండాకాలంలో వారానికి రెండు బిందెలు నీళ్ళు పోయాలి. మొత్తం కలిపినా ఆ డోముకి పోసినదాంట్లో పదో వంతు కూడా కాదండీ, నేనే చేశా వేరే చోట.

బడుల సంగతికి వస్తా. మన హైస్కూళ్ళలో ఒక్క దాని మీద కూడా కడ్డీ లేదు, పక్కనే సెల్ టవర్ ఉంది గదా అది చూసుకుంటుందిలే అంటారు. టవరు తన సామాన్లని కాపాడుకోవడానికి ఎర్తు చేసుకుంది, మీ బడి ఆ బంతి లెక్కలో దాని నీడన పడితే పడినట్టు, లేకపోతే లేదు, కొలవకుండా ఎట్టా చెప్తాం. వాన వచ్చేటప్పుడు పిల్లల్ని గ్రౌండులోంచి పిలవడానికి బెల్లు కొడతారు, సంతోషం, కానీ వాళ్ళొచ్చి నిలబడేది సైకిల్ స్టాండు రేకుల కింద. నాలుగు పక్కలా తెరిచి ఉన్న రేకుల షెడ్డు పిడుక్కి చెట్టు కింద లెక్కే. గదుల్లోకి పంపండి, స్లాబు గదిలో, కిటికీ ఊచలకి దూరంగా. ఉరుము వినపడిందంటే పిడుగు అందుబాటులో ఉన్నట్టే. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తయ్, పిల్లలకి ఇష్టంగా ఉంటుంది, నేర్పండి. ముప్పై సెకన్ల లోపు వస్తే లోపలికి, ఆఖరి ఉరుము అయ్యాక ఇంకో అరగంట లోపలే.

ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లు. ఇది పంచాయితీది కాదు, కరెంటు కంపెనీ డిస్కం పని అంటారు, ఒప్పుకుంటా, కానీ గుంట మీ ఊళ్ళోనే ఉంది గదా. అసలు వోల్టేజీ ఎందుకు పెంచుతారో ఒక్క ముక్కలో చెప్తా. మన పొలాల దగ్గర 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్లు లోడు మీద ఉందనుకోండి, కింద మోటార్ల వైపు 433 వోల్టుల దగ్గర ఒక్కో తీగలో 133 ఆంపియర్లు పోతయ్. అదే కరెంటు పైన 11 కేవీ వైపు నుంచి వచ్చేది ఐదుంపావు ఆంపియర్లే. తీగ వేడెక్కి వృథా అయ్యేది ఆంపియర్ల మీద ఆధారపడుద్ది, అదీ రెట్టింపైతే నాలుగింతలు, అందుకే దూరం నుంచి తెచ్చేటప్పుడు వోల్టేజీ పెంచి సన్నటి తీగలో తెస్తారు. ఎంత వోల్టేజీ అన్నది పింగాణీ పళ్ళేలు లెక్కపెట్టి చెప్పొచ్చు, 33 కేవీకి వరసగా మూడు, 132 కేవీకి తొమ్మిదో పదో, 220కి పదమూడు పద్నాలుగు. పెద్ద టవర్లకి అన్నిటికంటే పైన, పళ్ళేలు లేకుండా నేరుగా టవరుకే కట్టిన సన్నటి తీగ ఒకటి ఉంటుంది, అందులో కరెంటు పంపరు, అది లైను మొత్తానికి గొడుగు, పిడుగు దాని మీద పడి టవరు కాళ్ళ గుండా నేలలోకి పోవాలని.

మన 11 కేవీ లైన్లకి ఆ గొడుగు ఉండదు. దాని బదులు ట్రాన్స్‌ఫార్మర్ పైన మూడు చిన్న కండెల్లాంటివి ఉంటయ్, ఎల్ఏలు అంటాం, లైట్నింగ్ అరెస్టర్లు. మామూలు వోల్టేజీకి అవి మూసుకొని ఉంటయ్, పిడుగు తాలూకు వోల్టేజీ వస్తే తెరుచుకొని నేలకి వదిలేసి మళ్ళీ మూసుకుంటయ్. దిమ్మె పక్కన మూడు గుంటలు ఉండాలి, ఒకటి ఎల్ఏకి, ఒకటి న్యూట్రల్‌కి, ఒకటి బాడీకి. ఈ ఏడాది నేను పనుల మీద తిరిగిన చోటల్లా చూసుకుంటా పోయా, గుంట మీద చెత్త కాలబెట్టినవి ఉన్నయ్, పట్టీ తుప్పు పట్టి చేత్తో పట్టుకుంటే విరిగినవి ఉన్నయ్, ఒకచోట ఎల్ఏ కింద తీగ గాల్లో ఊగుతా ఉంది, దేనికీ కట్టలేదు. ఎర్తు లేని ఎల్ఏ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. పిడుగు పడి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, వారం పది రోజులు నీళ్ళు లేక మిరప తోటలు వాడిపోయి, రైతులు ట్రాక్టర్లో వేసుకొని తీసుకుపోయి తెచ్చుకుంటన్నారు చూడండి, దాంట్లో సగం ఈ గుంటల పుణ్యమే అని నా అనుమానం. న్యూట్రల్ గుంట ఎండిపోయి న్యూట్రల్ తీగ కూడా ఎక్కడో వదులైతే ఇంకో తమాషా, ఒక వీధిలో లైట్లు మినుక్కుమంటా ఉంటయ్, పక్క వీధిలో 300, 400 వోల్టులొచ్చి టీవీలు ఫ్యాన్లు పోతయ్. కరెంటోళ్ళు ఎక్కువ వదిలారని తిడతాం. అక్కడ దాకా పోయి లైన్‌మన్‌ని తిట్టేముందు గుంటలో నీళ్ళు పోశామా అని అడుక్కోవాలి. పట్టీ తెగి ఉంటే మాత్రం మీరు ముట్టుకోవద్దు, 1912కి ఫోన్ చేసి కంప్లైంటు నంబరు తీసుకోండి, నంబరు లేకపోతే ఆ ఫోన్ చేసినట్టు కాదు.

పదకొండు కేవీ మనిషిని దూరం నుంచి లాగేసుకుంటుందని మనవాళ్ళ భయం. లాగదు. గాల్లో అది దూకగలిగేది సెంటీమీటరు, అటూఇటూ. చంపేది ఏందంటే మన చేతిలో ఉన్న పొడుగు సామాను. రూలు ప్రకారం 11 కేవీ తీగ రోడ్డు దాటే చోట నేల నుంచి 6.1 మీటర్లు, అంటే ఇరవై అడుగుల ఎత్తున ఉండాలి, పొలాల్లో అయితే 4.6 మీటర్లు చాలు, పదిహేను అడుగులు. బోరులోంచి లాగే ఒక్క పైపు ఇరవై అడుగులు. ఇంక నేను చెప్పేదేముంది. వరిగడ్డి ట్రాక్టర్లు, ఫ్లెక్సీలకి ఇనప ఫ్రేములు, కొత్త ఇంటి రెండో అంతస్తు కడ్డీలు, అన్నీ ఇదే లెక్క, ఇంటి గోడకీ 11 కేవీ తీగకీ పక్కకి కనీసం 1.2 మీటర్లు, పైకి అయితే 3.7 మీటర్లు ఎడం ఉండాలి, ప్లాను పాసు చేసేటప్పుడు పంచాయితీ వాళ్ళు ఒకసారి తలెత్తి చూస్తే చాలు. శివరాత్రికి కోటప్పకొండకి ప్రభలు కట్టేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, లైను ఆఫ్ చేయించి, ముందు మనిషిని పెట్టుకొని లాగుతారు. మిగతా తిరణాలప్పుడే మర్చిపోతాం. 2022 ఏప్రిల్ 27న తమిళనాడులో తంజావూరు దగ్గర కలిమేడులో గుడి రథం హైటెన్షన్ తీగకి తగిలి 11 మంది పోయారు, అందులో పిల్లలు కూడా ఉన్నారు. రైతులకి కూడా ఒక మాట, ఏబీ స్విచ్, అంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి వచ్చే లైను ఆపే స్విచ్, లాగేశాం కదా అని ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి ఫీజు వేయకండయ్యా, మూడు కత్తుల్లో ఒకటి ఇరుక్కొని అట్టాగే తగులుకొని ఉంటే కింద నుంచి కనపడదు. లైన్‌మన్ ఎల్‌సీ, అంటే లైను ఆపామని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి, తీసుకొని, రాడ్డు తగిలించి ఎర్తు చేసుకున్నాక ఎక్కుతాడు. మీకు ఎల్‌సీ ఎవరిచ్చారు? అడవి పందులకి కంచెలోకి కరెంటు వదిలేవాళ్ళ గురించి రాస్తే బూతులు వస్తయ్, వదిలేస్తన్నా.

తీగ తెగి కింద పడి ఉంటే పది మీటర్ల లోపలికి పోవద్దు. నేల మీద వోల్టేజీ నీళ్ళలో రాయి వేసినట్టు వలయాలుగా పరుచుకొని ఉంటుంది, ఒక కాలు ఒక వలయంలో, ఇంకో కాలు ఇంకో వలయంలో పెడితే రెండు కాళ్ళ మధ్య తేడా మన ఒంట్లోంచి పోద్ది. అప్పటికే దగ్గరికి పోయి ఉంటే రెండు పాదాలు కలిపి, ఎత్తకుండా, చిన్నగా జరుపుకుంటా బయటికి రావాలి. పిడుక్కీ ఇదే. చింతచెట్టు కింద నిలబడ్డ గొర్రెల కాపరి బతికి, గొర్రెలన్నీ పోవడం మనం విన్నాం గదా, ఆ జీవాలకి ముందు కాళ్ళకీ వెనక కాళ్ళకీ ఎడం ఎక్కువ, ఆ ఎడంలో గుండె ఉంది. 2016 ఆగస్టులో నార్వే కొండల్లో ఒక్క గాలివానకి 323 రెయిన్‌డీర్ జింకలు ఒకేచోట చచ్చి పడి ఉన్నయ్, అవి వానకి భయపడి ఒకదాన్నొకటి ఆనుకొని గుంపుగా నిలబడ్డయ్ పాపం.

పొలాల్లో ఉన్నోళ్ళ గురించి ఇంకా రాయలేదు, ఎక్కువ పోయేది వాళ్ళే. మన దేశంలో పిడుగులకి 2022లో 2,887 మంది పోయారని జాతీయ నేర రికార్డుల లెక్క, ఏటా అటూఇటూగా అంతే ఉంటది. మన రాష్ట్రంలో 2018 ఏప్రిల్ 24న 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదైనయ్, అప్పుడు పేపర్లన్నీ రాశాయి. విపత్తుల సంస్థ వాళ్ళు ఫోన్లకి మెసేజీలు పంపుతున్నారు, పుణె ఐఐటీఎం వాళ్ళ దామిని యాప్ కూడా ఉంది, మంచిదే, నా ఫోన్లో ఉంది, పని చేస్తది. కానీ ఆ మెసేజీలో "చెట్ల కింద ఉండకండి, సురక్షిత భవనాల్లోకి వెళ్ళండి" అని ఉంటుంది. ఊరికి మూడు కిలోమీటర్ల అవతల మిరప చేలో కోతకొచ్చిన ఆడోళ్ళు ఇరవై మంది, ఫోను మేస్త్రి ఒక్కడి దగ్గరే ఉంటది, ఆయన చదివాడే అనుకుందాం, ఏ భవనంలోకి వెళ్ళాలి? పంపుసెట్టు కొట్టు ఆరడుగుల గది, దాంట్లో స్టార్టరు డబ్బా, ఇనప పైపులు. అందుకే సర్పంచ్ గార్లని అడిగేది ఇది, ఉపాధి హామీ పనులో, ఇంకేదో నిధులో మీకే బాగా తెలుసు, డొంకల వెంట కిలోమీటరుకి ఒకటి చొప్పున స్లాబు వేసిన మూడు గోడల గది, దాని మీద కడ్డీ, చుట్టూ రింగు ఎర్తు, నేల మొత్తం ఇనప చువ్వలు అల్లి ఆ ఎర్తుకి కలిపిన కాంక్రీటు. లోపలున్న నేలంతా ఒకే వోల్టేజీ అవుద్ది, కాళ్ళ మధ్య తేడా రాదు. అది కట్టేదాకా, కూలీలని తెచ్చిన ఆటో కాదు, టాపు రేకు ఉన్న బొలెరోనో బస్సో ఏదైనా చేలో గట్టునే ఉంచమనండి, అద్దాలు మూసుకొని లోపల కూర్చుంటే కారు బాడీ బయట నుంచే కరెంటుని దించేస్తది. టైర్లు రబ్బరు కాబట్టి అనుకుంటారు, కిలోమీటర్లు దాటొచ్చినదానికి ఆరంగుళాల రబ్బరు లెక్కా?

చిన్నప్పుడు ఉరిమితే మా నాయనమ్మ "అర్జునా ఫల్గుణా" అనమని మమ్మల్నందర్నీ నట్టింట్లో చాప మీద కూర్చోబెట్టేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె చేసిన పని సరైందే, మంత్రం సంగతి పక్కన పెట్టండి, పిల్లలందరూ గోడలకి దూరంగా ఇంటి మధ్యలో ఉండేవాళ్ళం. సెల్‌ఫోన్ పిడుగుని లాగదు, చార్జింగు వైరు పెట్టి మాట్లాడితే మాత్రం ప్రమాదమే. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాకు కొడుద్దని దూరంగా నిలబడి ఏడవటం, పేడలో, మట్టిలో పూడ్చటం, ఇవి ఇంకా మన ఊళ్ళలో ఉన్నయ్. ఆ మనిషిలో కరెంటు మిగిలి ఉండదు. చాలావరకు పోయేది గుండె ఆగి. వెంటనే రొమ్ము మధ్యలో రెండు చేతులు పెట్టి, నిమిషానికి వందకి పైగా, గట్టిగా నొక్కుతా ఉంటే 108 వచ్చేదాకా ప్రాణం నిలబడే అవకాశం ఉంది. పీహెచ్‌సీ డాక్టరు గారిని అడిగితే ఒక గంట వచ్చి మేస్త్రీలకి నేర్పిస్తానన్నారు, తేదీ మీరు చెప్పాలంతే.

నా వంతు ఏందంటే మెగ్గర్ నాదే, ఆదివారాలు ఖాళీ, మండలంలో ప్రతి బడి, ప్రతి గుడి, ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ గుంట కొలిచి రీడింగు గోడ మీద రాసి పోతా, రూపాయి అక్కర్లేదు, టీ ఇస్తే చాలు. ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గరికి మాత్రం లైన్‌మన్ పక్కన ఉంటేనే వస్తా. మేకులు పట్టుకోవడానికి ఒక కుర్రాడు, రెండు బిందెల నీళ్ళు కావాలి. మొదటిది ఆ గుడి దగ్గరే పెట్టుకుందాం అనుకుంటన్నా. కమిటీవాళ్ళు ఇంకా ఒక్క విషయం తేల్చలేదు. గుంట మీద పరిచిన గ్రానైటులో రెండు టైల్సు పగలగొట్టాలి, దాతల పేర్లు చెక్కిన వరస అది, ఎవరి పేరున్న టైలు పగలగొట్టాలో అన్న దగ్గర నెల నుంచి ఆగి ఉంది. ఆ దాతల్లో ఒకరు మా మేనమామే. ఆయనతో మాట్లాడా, తన పేరున్నదే తీసేయమన్నాడు.

ఇట్లు
మీ ఎర్తింగ్ మేస్త్రి